తడి ఆరేదాకా

ఓబులేసు థీసిస్ మొత్తం రెండు వందల పద్దెనిమిది పేజీలు. అందులో రెండు వందల పదిహేడు పేజీలకు అతని గైడు దస్తగిరి సార్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. చివరి పేజీలో ఒక్క వాక్యం కింద మాత్రం ఎర్రసిరాతో గీత గీసి, పక్కన ఒకే ఒక్క మాట రాశారు.

"అబద్ధం."

ఆ మాట చూసినప్పుడు ఓబులేసుకు చెంప మీద కొట్టినట్టయింది. తప్పు అని రాసి ఉంటే ఓర్చుకునేవాడు. దిద్దుకో అని రాసి ఉంటే దిద్దుకునేవాడు. నాలుగేళ్ళు ఎండనక వాననక తిరిగి తెచ్చిన అంకెల కింద అబద్ధమని రాయించుకోవడానికి అతని మనసు ఒప్పుకోలేదు.

వాక్యం ఇది: "రాత్రిబడుల వల్ల గని కార్మికుల చదువులో ఏ మార్పూ రాలేదని ఈ పరిశోధన రుజువు చేసింది."

నాపరాతి గనుల చుట్టూ పదకొండు రాత్రిబళ్ళు నడుస్తున్నాయి. పగలంతా బండలు కోసి, మోసి, సాయంత్రం పలకా బలపం పట్టుకునే మనుషుల బళ్ళు అవి. ఓబులేసు ఆ బళ్ళకు పోయేవాళ్ళను ఇరవైరెండు మందిని, పోనివాళ్ళను ఇరవైరెండు మందిని ఎంచుకుని యాభై మార్కుల పరీక్ష పెట్టాడు. పోయేవాళ్ళకు సగటున ముప్పైయొకటి వచ్చాయి. పోనివాళ్ళకు ఇరవైఆరు.

అయిదు మార్కుల తేడా. అసలు తేడా అనేదే లేకపోయినా ఇంత తేడా ఊరికే కలిసొచ్చి కనబడే అవకాశం నూటికి పన్నెండని లెక్క తేల్చింది. ఆ అంకె అయిదు దాటకూడదని వాళ్ళ శాస్త్రంలో ఒక కట్టుబాటు. దాటకపోతే పట్టికలో అంకె పక్కన ఒక చుక్క పెడతారు. ఆ చుక్క కోసం డిపార్ట్‌మెంటులో అందరి ప్రాణాలూ కొట్టుకుంటూ ఉంటాయి. "చుక్క పడిందా?" అన్నదే అక్కడ పలకరింపు. పడకపోతే కొందరు ఇద్దరు ముగ్గురిని పట్టికలోంచి తీసేసి, ఇంకో ఇద్దరిని కలిపి, ఎట్లాగో ఒకట్లా పడేట్టు చేసుకుంటారు.

ఓబులేసుకు చుక్క పడలేదు. అయినా అతను ఒక్క అంకెనూ కదపలేదు. పడలేదంటే పడలేదని రాశాడు. అందుకు తనను తానే మెచ్చుకున్నాడు కూడా.

ఆ నిజాయితీకి దొరికిన బహుమానం, ఎర్రసిరాలో అబద్ధమని!

పైగా వ్యవధి లేదు. ఇరవయ్యో తారీకు లోపల థీసిస్ అప్పగిస్తేనే లెక్చరర్ ఉద్యోగం ఇంటర్వ్యూకు పిలుపు వస్తుంది. అది ఇంకా ఎనిమిది రోజులు. ఇంకో పక్క, రాత్రిబళ్ళను చూసే ఆఫీసులోని అధికారి వారం రోజులుగా ఫోన్లు చేస్తున్నాడు. వచ్చే ఏడాది ఆ పదకొండు బళ్ళు ఉంచాలా, మూసెయ్యాలా అన్న ఫైలు ఆయన బల్ల మీద ఉంది. "మీ పుస్తకమంతా నాకెందుకండీ? చివరి వాక్యం ఒక్కటి, మీ సార్ సంతకంతో పంపండి చాలు," అని ఆయన అడిగాడు. ఓబులేసు ఆ వాక్యాన్ని ఫోనులోనే చదివి వినిపించి, శుక్రవారం కాగితం పంపిస్తానని మాట ఇచ్చేశాడు.

ఆ రోజు గురువారం కూడా కాలేదు, బుధవారం. అతను ఆ పేజీ పట్టుకుని తలుపు కూడా తట్టకుండా సార్ గదిలోకి వెళ్ళాడు.

దస్తగిరి సార్ మొదటి సంవత్సరం పిల్లల పేపర్లు దిద్దుతున్నారు.

"సార్, ఈ మాట మీరే రాశారా?"

"నా చేతిరాత గుర్తుపట్టలేనంత పెద్దవాడివైపోయినావా?"

"అంకెలు మూడుసార్లు సరిచూసుకున్నాను సార్. ఒక్కటి కూడా మార్చలేదు. కాగితాలన్నీ తెచ్చి మీ ముందు పోస్తాను, చూడండి."

"అంకెలు నిజమే. నేనూ వేసి చూసినా. వాక్యం అబద్ధం."

"చుక్క పడలేదు సార్!"

"పడలేదు. అయితే?"

"అయితే తేడా లేదనే కదా!"

సార్ కలం కింద పెట్టారు. ఆయన గొంతు పెరిగింది. "తేడా లేదని నీకెవరు చెప్పినారప్పా? ఎవరు చెప్పినారు? ఇరవైరెండు మందిని పట్టుకుని, అర్ధగంట కూచోబెట్టి, పదకొండు బళ్ళ తలుపులు మూసేసే మాట రాస్తావా? ఎవరు నేర్పించినారు నీకు ఈ ధైర్యం?"

వరండాలో పోతున్న ఇద్దరు ముగ్గురు ఆగిపోయారు.

ఓబులేసు గిరుక్కున వెనక్కి తిరిగి హాస్టలుకు పోయాడు. ట్రంకుపెట్టె అడుగున, పాత బట్టల కింద, ఖాకీ అట్ట వేసిన నోట్సు ఒకటి ఉంది. దాన్ని తీసుకుని అంతే వేగంగా వచ్చాడు. వరండాలో ఆగినవాళ్ళు ఇంకా కదల్లేదు. వాళ్ళకు కూడా వినబడేట్టు చదివాడు.

"ఎమ్మే మొదటి సంవత్సరం. ఆగస్టు పదకొండు. 'విలువ అయిదు శాతం దాటితే శూన్య పరికల్పనను అంగీకరించవలెను. అనగా తేడా లేదని అర్థము.'"

శూన్య పరికల్పన అంటే, తేడా ఏమీ లేదని ముందుగా అనుకుని లెక్క మొదలుపెట్టే మాట. దాన్ని నమ్మమని కాదు, పట్టుకుని పరీక్షించమని.

"ఎవరు నేర్పించినారని అడిగారు కదా సార్. ఇదిగో, మీరే."

సార్ చెయ్యి చాపి నోట్సు తీసుకున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నేను ఈ మాట చెప్పినానా?"

"రెండుసార్లు చెప్పారు సార్. కింద గీత గీసుకోమన్నారు. గీసుకున్నాను."

గీత ఉంది. స్కేలు పెట్టి గీసిన గీత.

ఓబులేసు గెలిచాననుకున్నాడు. సార్ తలవంచుకుని సంతకం పెట్టేస్తారనుకున్నాడు. ఆయన ముఖం చూసేసరికి ఆ ఆశ పోయింది. ఆ ముఖంలో కోపం తగ్గలేదు. ఇందాక తన మీద ఉన్నది ఇప్పుడు ఎవరి మీదికి పోయిందో మాత్రం తెలియలేదు.

"రేపు పొద్దున ఆరున్నర బస్సుకు స్టాండులో ఉండు," అన్నారు సార్. "ఈ నోట్సు తెచ్చుకో. తెల్లకాగితాలు అయిదు తెచ్చుకో."

"ఎక్కడికి సార్?"

"నీ గనులకే."

*

బస్సులో రెండు గంటలసేపు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఓబులేసు కిటికీ పక్క కూర్చుని రోజులు లెక్క పెట్టుకున్నాడు. ఈ రోజు పోతే ఏడు. ముసలాయనకు రిటైర్మెంటు దగ్గర పడింది, ఆయనకేం తొందర? ఉద్యోగం లేనిది నాకు గానీ ఆయనకా? తను చెప్పిన పాఠం తనకే తగిలేసరికి రోషం వచ్చింది, దాన్ని నా మీద తీర్చుకుంటున్నాడు. ఇట్లా మనసులో ఎన్ని తిట్టుకోవాలో అన్నీ తిట్టుకున్నాడు.

బస్సు దిగి అర మైలు నడిచాక పాలిష్ ఫ్యాక్టరీ వచ్చింది. పేరుకు ఫ్యాక్టరీ. రేకుల కొట్టం కింద రెండు కోత మిషన్లు, బయట ఎండలో వరసలు వరసలుగా నిలబెట్టిన బండలు. గాలిలో తెల్లటి పొడి. చెట్ల ఆకులు కూడా తెల్లగానే ఉన్నాయి.

దస్తగిరి సార్ పుట్టింది ఆ పక్క ఊరే. ఆయన తండ్రి దూదేకేవాడు. ఫ్యాక్టరీ మేస్త్రి మద్దిలేటీ, సారూ చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నారు.

"ఏమి రా దస్తగిరీ!" అని మద్దిలేటి కొట్టంలోంచే కేకవేశాడు. "పెద్ద సారువైపోయినావంటనే! దోవ తప్పి వచ్చినావా ఏంది?"

"నీ దగ్గర చదువుకుందామని వచ్చినా రా."

"నా దగ్గరా? నేను అయిదో తరగతి మూడుసార్లు తప్పినోణ్ణి గదప్పా."

"ఒక్కసారికే పాసయినోళ్ళు ఏం చేసినారో చూద్దువుగానీ, రా. నిన్న కోసిన బండలు, ఇంకా ఎవరూ చూడనివి, అయిదు కావాలి నాకు. ఇంటి కప్పుకు పోయేవి."

ఆ సీమలో మిద్దెల కప్పులు ఈ బండలతోనే వేస్తారు. దూలాల మీద బండ పక్కన బండ పరిచి, పైన మట్టి వేస్తారు. కింద మనుషులు పడుకుంటారు.

మద్దిలేటి గోడకు ఆనించిన వరసలో అయిదు బండలు చూపించాడు. ఒక్కొక్కటి మనిషెత్తు ఉంది.

సార్ ఓబులేసు వైపు తిరిగారు. "వీటిలో నెర్రలున్నాయేమో చూడు. సన్నటి పగుళ్ళు."

"నాకేం తెలుసు సార్ బండల సంగతి?"

"కళ్ళున్నాయి కదా. చూడు."

ఓబులేసు పళ్ళు బిగించుకుని ఒక్కో బండ దగ్గరికీ పోయాడు. ముందు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు. అరచేత్తో తడిమాడు. చేతికంటిన పొడి ప్యాంటుకు తుడుచుకుని, ఇంకోసారి తడిమాడు. అన్నీ నున్నగా, ఒకే రంగులో ఉన్నాయి.

"లేవు సార్."

"దేంట్లోనూ?"

"దేంట్లోనూ లేవు."

"బండకొక కాగితం. 'ఈ బండలో నెర్ర లేదు' అని రాసి సంతకం పెట్టు. తారీకు వెయ్యి."

అయిదు కాగితాల మీదా రాశాడు. సంతకం గట్టిగా, కలం ముక్కు కాగితంలో దిగేట్టు పెట్టాడు. సార్ ఆ కాగితాలను ఒక్కో బండ పై అంచు మీద ఒక్కోటి పెట్టి, ఎగిరిపోకుండా పైన చిన్న రాయి పెట్టారు.

"ఇప్పుడు ఎక్కించు రా మద్దిలేటీ, లారీకి."

మద్దిలేటి కదల్లేదు. అతను నవ్వాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు. బండల అవతలి నుంచి ఒక ఆడమనిషి గట్టిగా అంది:

"యాడికి ఎక్కించేది? ఇంకా తడపనే లేదే!"

ఆమె పేరు సుంకమ్మ. యాభై ఏళ్ళుంటాయి. ఆ ఫ్యాక్టరీలో బండలు చూసే పని ఆమెది. ఏ బండా ఆమె చూడకుండా లారీ ఎక్కదు. చేతిలో నీళ్ళ బకెట్టు, కొంగులో ఎర్ర సుద్దముక్క.

దగ్గరికి వచ్చి ఆమె ఓబులేసును చూసి ఆగింది. "నువ్వా సారూ! గడియారం పెట్టుకుని కూచునుంటివే, ఆ సారువు గదా? నెమలి గురించి చదవమంటివి నన్ను. మా గనిలో నెమళ్ళు యాడుండాయని నేను నవ్వితే, టైము అయిపోతాంది చదువమ్మా అని కసిరితివి."

ఓబులేసుకు గుర్తులేదు. ఇరవైరెండు మందిలో ఒక ముఖం.

"అమ్మా, నీ పని నువ్వు చెయ్యి," అన్నారు సార్. "మా వాడు చూస్తాడు."

సుంకమ్మ చెంబుతో నీళ్ళు ముంచి కాగితం తడవకుండా మొదటి బండ మీద పైనుంచి కిందికి పోసింది. బండ నల్లగా మెరిసింది. బకెట్టు కింద పెట్టి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

ఓబులేసు రెండు నిమిషాలు చూశాడు. "ఏముంది ఇందులో?"

"తడి ఆరనీ సారూ. ఏం తొందర? నీ గడియారం జేబులో పెట్టుకో."

ఎండ పెళపెళలాడుతోంది. ఓబులేసు కొట్టం నీడలోకి పోబోతే సార్ రెక్క పట్టుకుని ఆపారు. బండ పై అంచు నుంచి నెమ్మదిగా తెల్లబడింది. నడుమ తెల్లబడింది. చివరికి అంతా ఒక్క రంగు అయిపోయింది.

"ఇది మంచిదే," అంది సుంకమ్మ.

రెండో బండ తడిపింది. అదీ శుభ్రంగా ఆరింది. మూడోదీ అంతే. ఓబులేసు తల పైకి లేచింది. అతను ఆగలేకపోయాడు.

"చూశారా సార్? నేను చెప్పిందే నిజమైంది."

"నువ్వు చెప్పినందుకు నిజమైందా?"

"ఎట్లయితేనేం సార్, నిజమే కదా!"

సుంకమ్మ నాలుగో బండ మీద నీళ్ళు పోసింది.

మళ్ళీ కాచుకున్నారు. కోత మిషను ఆగి, మళ్ళీ మొదలైంది. పై అంచు తెల్లబడింది. నడుమ తెల్లబడింది. అయితే ఎడమ పక్క నుంచి నడిమికి, ఏటవాలుగా, వెంట్రుకంత సన్నటి నల్లగీత ఒకటి మిగిలిపోయింది. చుట్టూ అంతా ఆరిపోయినా అది ఆరలేదు. లోపల దాచుకున్న నీటిని అది వదలడం లేదు.

ఓబులేసు దగ్గరికి పోయి ఆ గీత మీద వేలు పెట్టి చూశాడు. వేలికి ఏమీ తగల్లేదు. ఇందాక తను రెండుసార్లు తడిమిన చోటే అది.

అయిదు నిమిషాలకు ఆ గీత కూడా ఆరి మాయమైంది. బండ మళ్ళీ నున్నగా, ఒక్క రంగులో, ఇందాకటిలా నిలబడింది. పైన ఓబులేసు సంతకం పెట్టిన కాగితం గాలికి కొట్టుకుంటోంది.

సుంకమ్మ ఆ కాగితాన్ని పక్కకు జరిపి, కొంగులోంచి సుద్దముక్క తీసింది. నాలుక పంటి కింద పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద ఆగి, బండ నడిమధ్యన పెద్దగా రాసింది: నెర్ర.

చివరి ఒత్తు కొంచెం పక్కకు పోయింది. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది.

"మూడేండ్ల కిందట ఇంటూ మార్కు పెట్టేదాన్ని సారూ," అంది, రాసినదాన్నే చూస్తూ. "పనికిరాదు, పగలగొట్టండని గుర్తు. ఇక్కడ మాకందరికీ తెలుసు. ఒక దినం అట్లాంటి బండ ఒకటి తప్పి లారీ ఎక్కిపోయింది. ఆ ఊళ్ళో మిద్దె వేసే మేస్త్రి తను ఎంచుకున్న బండల మీద ఇంటూ పెడతాడంట. ఇది ఎంచిన బండే అనుకుని కప్పుకు ఎక్కించినాడు. వానలకు విరిగింది. కింద పండుకున్న ముసలాయన లేచిందే లేదు." ఆమె సుద్దముక్కను కొంగులో ముడేసుకుంది. "నేను చూసిన బండ అది. నాకు తెలిసిన నెర్ర. చెప్పడానికి నా చేతిలో అక్షరం లేకపాయె. ఆ వారమే పోయి బళ్ళో కూచున్నా. అయ్యోరు అ, ఆ అంటే, అవన్నీ తర్వాత, ముందు నాకు ఈ ఒక్క మాట నేర్పించు సామీ అంటి."

"నువ్వు యాభై మార్కులకు అడిగితివి," అంది ఓబులేసుతో. "ఇది అడగకపోతివి."

బకెట్టు అందుకోబోతూ ఆగి, మళ్ళీ ఇటు తిరిగింది.

"బడి మూసేస్తారంట గదా సారూ? ఎవరో పెద్ద చదువుల ఆయన రాసినాడంట, మాకు చదువు అంటలేదు, బడి దండగ అని. అయ్యోరు చెప్పి కంట తడి పెట్టుకున్నాడు. ఎవరాయన? నీకేమన్నా తెలుసునా? తెలిస్తే చెప్పు, ఒకసారి ఇక్కడికి రమ్మని."

ఓబులేసు సార్ వైపు తిరిగాడు. మద్దిలేటి నేలకేసి చూశాడు. దస్తగిరి సార్ మాత్రం ఓబులేసు మీద నుంచి చూపు తిప్పలేదు. ఆదుకోవడానికి ఒక్క ముక్క కూడా అనలేదు.

"చెబుతానమ్మా," అన్నాడు ఓబులేసు చివరికి.

సుంకమ్మ అయిదో బండ వైపు నడిచింది. చెంబు ముంచబోతుంటే సార్ ఆపారు.

"దాన్ని ఉంచమ్మా." ఓబులేసు వైపు తిరిగి అడిగారు. "దాని మీద కూడా నీ సంతకం ఉంది. ఏం చేద్దాం?"

ఓబులేసు పోయి అయిదో బండ మీది కాగితం తీసుకున్నాడు. మొదటి మూడింటి మీద ఉన్నవి కూడా తీసుకున్నాడు. నాలుగోది తీసుకుంటున్నప్పుడు చేతికి ఎర్రసుద్ద అంటింది.

"దాంట్లో నెర్ర ఉందా?" అన్నారు సార్.

"ఇంకా తడపలేదు సార్."

సార్ తల ఊపారు.

కాసేపటికి ఓబులేసు గొంతు తగ్గించి అడిగాడు. "నాలుగోదాంట్లో ఉందని మీకు ముందే తెలుసా సార్?"

"తెలీదు. అయిదూ బాగున్నా నీ సంతకాలు తప్పే."

*

ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాక ఓబులేసు ఆగాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొడికో మరి దేనికో.

"వాక్యం మారుస్తాను సార్. రాత్రిబడుల వల్ల మేలు జరిగిందని రాస్తాను."

సార్ అంత కోపంగా అరవడం అతను ఇన్నేళ్ళలో వినలేదు.

"మళ్ళీ అబద్ధమా! ఆమెను చూసి ఏడుపొచ్చిందని రాస్తావా? నిన్న ఇరవైరెండు మందిని చూసి లేదంటివి, ఈ పొద్దు ఒక్క మనిషిని చూసి ఉందంటావా? ఆ రెండు మాటలకూ తేడా ఏముంది?"

"మరి ఏం రాయాలి సార్?"

సార్ చెయ్యి చాపారు. "నోట్సు ఇట్లా తే."

ఆగస్టు పదకొండు నాటి పేజీ తీశారు. వెనక్కి నాలుగడుగులు వేసి సుంకమ్మను పిలిచి, ఆమె కొంగులోని సుద్దముక్క అడిగి తీసుకున్నారు. తను చెప్పిన వాక్యం మీద, ఓబులేసు స్కేలు పెట్టి గీసిన గీత మీద, పేజీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, సుంకమ్మ రాసినంత పెద్దగా రాశారు.

నెర్ర.

సుద్దముక్క తిరిగి ఇచ్చేసి, నోట్సు మూసి చంకలో పెట్టుకున్నారు. ఓబులేసు చెయ్యి చాపినా ఇవ్వలేదు.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయన తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. "ముప్పైయొక్క ఏళ్ళు. ఏడాదికి నలభై మంది."

ఆ లెక్క మాత్రం పూర్తి చెయ్యలేదు.

ఓబులేసు మైలురాయి మీద కూర్చుని అయిదో కాగితం వెనక్కి తిప్పాడు. అయిదు మార్కుల తేడా నిజంగానే ఉందనుకుంటే, ఇరవైరెండు మందిని ఇటూ ఇరవైరెండు మందిని అటూ పెట్టి చూస్తే, అది తన పరీక్షకు ఎన్నిసార్లు దొరుకుతుంది? ఈ లెక్క మొదటిరోజే వేసుకోవాల్సింది. వేసుకోలేదు. వెయ్యమని ఎవరూ అనలేదు, తనకూ తోచలేదు. మోకాలి మీద కాగితం పెట్టుకుని వేశాడు. మూడుసార్లకు రెండుసార్లు దొరకదని తేలింది. కలం ఆగింది. మళ్ళీ మొదటి నుంచి వేశాడు. అదే తేలింది.

అయిదుసార్లకు నాలుగుసార్లయినా దొరకాలంటే ఎంతమంది కావాలో కూడా వేసి చూశాడు. డెబ్భై మంది ఇటు, డెబ్భై మంది అటు. ప్రశ్నలు కూడా మళ్ళీ రాయాలి, ఈసారి గనుల్లో కూర్చుని. ఇరవయ్యో తారీకుకు కాదు, వచ్చే ఏడాది ఇరవయ్యో తారీకుకు అయితే గొప్పే.

ఇంటర్వ్యూ పోయినట్టే. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. అధికారి.

"రేపే శుక్రవారం. మర్చిపోలేదు కదా?"

"లేదండీ. ఆ వాక్యం తీసేశాను."

"తీసేశారా? అదేమిటి? ఫోనులో చదివి వినిపించారు కదా! నేను పైవాళ్ళకు చెప్పేశాను కూడా."

"నేను చదివింది తప్పు. వాళ్ళకూ అదే చెప్పండి. నా పరీక్షకు తేడా కనబడలేదు. నా పరీక్ష చాలా చిన్నది. ఇంకోసారి చెయ్యాలి, ఏడాది పడుతుంది."

"ఏడాదా! మీ వాక్యం లేకపోతే ఈ ఫైలు ఇక్కడి నుంచి కదలదు. అప్పటిదాకా ఆ బళ్ళు నడుస్తూనే ఉండాలి, తెలుసా?"

"నడవనివ్వండి."

అవతలి గొంతుకు కోపం వచ్చింది. "ఏమయ్యా, నాతో ఆటలాడుతున్నావా? కనబడలేదంటావు. కనబడకపోతే లేనట్టే కదా! పెద్ద చదువులు చదివి ఆ మాత్రం తెలీదా?"

ఓబులేసు లేచి నిలబడ్డాడు. నిన్నటిదాకా ఈ మాట ఇతనిది కాదు, తనదే. అందుకే ఒళ్ళు అంత మండుకొచ్చింది.

"మీ ఇల్లు బండల మిద్దేనా సార్?" అని అడిగాడు.

"ఏంటి?"

"మీరు పడుకునే చోట, నెత్తిమీద. బండలేనా?"

అవతల ఫోను పెట్టేశారు.

దస్తగిరి సార్ దూరంగా రోడ్డు కేసి చూస్తున్నారు. విన్నారో లేదో తెలియలేదు. చంకలోని నోట్సును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. అట్ట మీద ఎర్రసుద్ద వేలిముద్రలు పడి ఉన్నాయి.

"సోమవారం మొదటి సంవత్సరం క్లాసు ఉంది," అన్నారు. "నువ్వూ రా. వెనక బెంచీలో కూచో. నేను ఏం చెబుతున్నానో వింటూ ఉండు."

బస్సు వచ్చింది. ఓబులేసు పక్కకు తప్పుకుని సార్‌ను ముందు ఎక్కనిచ్చాడు.